ఫ్రీడైవింగ్‌కు వెట్‌సూట్ కొనాలి, బక్క మనిషికి ఎన్ని మిల్లీమీటర్లు?

పరకాల_పిలగాడు:

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె, ఉద్యోగం వల్ల హనుమకొండలో ఉంటున్నాను. ఫిబ్రవరిలో అండమాన్ పోయి ఫ్రీడైవింగ్ మొదటి కోర్సు చేయబోతున్నాను. సిలిండర్ ఉండదు, ఒక్క ఊపిరి మీద తాడు వెంట దిగి పైకి రావడమే. 20 మీటర్ల దాకా నేర్పుతారట.

ఈత నాకు కొత్త కాదు. మా తాత వ్యవసాయ బావిలో వీపుకు బెండు కట్టుకుని నేర్చుకున్నాను. ఎండాకాలం సెలవుల్లో బావి అడుగుకు మునిగి పిడికెడు మట్టి తేవడం మా పందెం. పైన గోరువెచ్చగా ఉన్న నీళ్లు రెండు నిలువులు దిగేసరికి జివ్వుమనేవి. అయినా ఆ వయసులో చలి లెక్క చేసేవాళ్లం కాదు.

ఇప్పుడు సమస్య ఏంటంటే నేను బాగా బక్కగా ఉంటాను. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 56 కిలోలు. జనవరిలో పొద్దున పూల్‌కు పోతే అరగంటకే పళ్లు టకటకమంటాయి. కోర్సులో రోజూ గంటల తరబడి నీళ్లలో ఉండాలంటే టెన్షన్‌గా ఉంది. వాళ్ల దగ్గర వెట్‌సూట్లు, అంటే నీళ్లలో చలి ఆపే రబ్బరు సూట్లు, అద్దెకు దొరుకుతాయి గానీ నా సైజు ఉంటుందని గ్యారంటీ ఇవ్వలేమన్నారు.

వాడినవాళ్లు చెప్పండి. ఆన్‌లైన్‌లో ఒక స్కూబా సూట్ (సిలిండర్‌తో దిగేవాళ్లది) సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకు వస్తోంది. 3 మిల్లీమీటర్ల మందం, వెనక జిప్పు. అది సరిపోతుందా, లేక ఫ్రీడైవింగ్‌కని విడిగా అమ్మే రెండు ముక్కల సూటే కావాలా? అండమాన్‌లో నీళ్లు 27, 28 డిగ్రీలు ఉంటాయంటున్నారు. దానికి 2 మిల్లీమీటర్లు చాలా, నాలాంటివాడు 3గానీ 5గానీ తీసుకోవాలా? ఇంకొకటి, లోపలి వైపు బట్ట లేకుండా ఉత్త రబ్బరు ఉండే ఓపెన్ సెల్ రకం వేసుకునేటప్పుడే చిరిగిపోతుందని ఒకతను భయపెట్టాడు. నిజమేనా?

గోదారొడ్డు:

తమ్మీ, 28 డిగ్రీల నీళ్లకు సూట్ ఎందుకు? మాది మంచిర్యాల. మాఘమాసంలో తెల్లారకముందే గోదావరిలో మునుగుతాం, ఒంటి మీద పంచె తప్ప ఏమీ ఉండదు. మా దగ్గర గజ ఈతగాళ్లు గోచీ బిగించి దిగితే గంటలకొద్దీ నీళ్లలోనే ఉంటారు. శరీరానికి అలవాటు కావాలి, అంతే. ఆ పైసలతో ఇంకో రెండు రోజులు ఎక్కువ నేర్చుకో.

మానేరు_అక్క:

తమ్ముడూ, నేను కరీంనగర్‌లో ఫిజియోథెరపిస్టుని. ప్రతి చలికాలం సెలవు పెట్టి సముద్రానికి పోయేది ఫ్రీడైవింగ్ కోసమే. ఈ విషయం మీద తెలుగులో ఎవరూ వివరంగా రాయరు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ఓపికగా చదువు.

ముందు గోదారొడ్డు అన్న మాట. అన్నా, గజ ఈతగాళ్లంటే నాకు చాలా గౌరవం. బురద నీళ్లలో, ప్రవాహంలో వాళ్లు చేసే పని మేం చేయలేం. కానీ వాళ్లు కదులుతూ ఉంటారు, కదిలే ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది. ఫ్రీడైవింగ్‌లో అట్లా కాదు. ఒక్కో డైవ్ మహా అయితే నిమిషం, నిమిషంన్నర. మిగతా సమయమంతా నీళ్ల మీద తేలే బోయా పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి, ఒక్క కండరం కూడా బిగించకుండా తేలాలి. మన వంతు అయ్యాక పక్కవాళ్లు దిగి వచ్చేదాకా ఆగాలి. చలి పట్టుకునేది అక్కడే. నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. 28 డిగ్రీల గదిలో ఫ్యాన్ వేసుకుంటాం, అదే 28 డిగ్రీల నీళ్లలో గంటసేపు కదలకుండా ఉంటే వణుకు మొదలవుతుంది. వణుకు అంటే కండరాలు ఊరికే పనిచేయడం, ఆ పనికి ఆక్సిజన్ ఖర్చు. ఒక్క ఊపిరి మీద దిగే మనిషికి అది పెద్ద నష్టం. పైగా చలికి మెడ, భుజాలు బిగుసుకుంటే చెవులు ఈక్వలైజ్ చేసుకోవడం, అంటే లోతులో ఒత్తిడికి సరిపడా చెవి లోపలికి గాలి నెట్టుకోవడం, కూడా కష్టమవుతుంది.

శరీరం అలవాటు పడుతుందన్న మాటలో మాత్రం నిజం ఉంది. కొరియాలోని జెజు దీవిలో హేన్యోలని ఉంటారు, సముద్రంలో మునిగి నత్తలు, నాచు ఏరుకొచ్చే ఆడవాళ్లు. 2016లో యునెస్కో వాళ్ల సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్లు తరతరాలుగా నూలు బట్టలతోనే చలికాలంలోనూ మునిగేవాళ్లు. చలికాలంలో వాళ్ల శరీరం మామూలు కంటే ఎక్కువ వేడి పుట్టిస్తుందని శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. 1970ల మధ్యలో వెట్‌సూట్లు వచ్చాయి. కొన్నేళ్లలోనే ఆ అలవాటు వాళ్ల ఒంట్లోంచి పోయింది. అయినా సూట్లు వదల్లేదు, ఎందుకంటే నీళ్లలో ఉండగలిగే సమయం బాగా పెరిగింది. ఏళ్ల తరబడి మునిగితే వచ్చిన అలవాటు అది. హనుమకొండ తమ్ముడికి ఫిబ్రవరిలోపు రాదు.

ఇప్పుడు మందం. సముద్రం ఉష్ణోగ్రత చూసి సూట్ మందం చెప్పే చార్టులు చాలా ఉన్నాయి. నా ఉద్దేశంలో అది సగం లెక్కే. ఒంటి మీద ఎంత కండ ఉంది, ఎంతసేపు కదలకుండా ఉంటావు అన్నది మిగతా సగం. కొంచెం ఒళ్లు ఉన్నవాళ్లకు అండమాన్‌లో 2 మిల్లీమీటర్లు హాయిగా సరిపోతుంది, కొందరు 1.5తో కూడా గడిపేస్తారు. నీ బరువుకు 3 తీసుకో, తలకు టోపీ కలిసి ఉన్నది. నాకు ఇందులో సందేహం లేదు. 5 వద్దు. అది ఈజిప్టులో దహాబ్ లాంటి చోట చలికాలంలో పనికొస్తుంది, అక్కడ నీళ్లు 21, 22 డిగ్రీలకు పడిపోతాయి.

5 ఎందుకు వద్దంటున్నానో అర్థం కావాలంటే సూట్ ఎట్లా పనిచేస్తుందో తెలియాలి. లోపలికి వచ్చిన నీళ్లు ఒంటి వేడికి వెచ్చబడి మనల్ని కాపాడతాయని చాలామంది చెబుతారు. నిజానికి కాపాడేది నియోప్రీన్ రబ్బరులో చిక్కుకున్న సన్నటి గ్యాస్ బుడగలు. 1950ల మొదట్లో బర్క్‌లీలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త వెట్‌సూట్ ఆలోచన చేసినప్పుడు ఆయనకు తట్టిన కీలకం ఇదే. ఒళ్లు తడవకుండా ఉంచాల్సిన పనిలేదు, వేడిని ఆపే గ్యాస్ ఆ బట్టలోనే ఉంటే చాలు. లోపలి నీళ్లు కదలకుండా పల్చగా ఉంటే నష్టం లేదు. అవి మాటిమాటికీ బయటికి పోయి కొత్తవి వస్తుంటే మాత్రం ఎంత మందం సూటైనా దండగే.

ఆ బుడగలే తేలుడు కూడా ఇస్తాయి. సూట్ మందం పెరిగితే తేలుడు పెరుగుతుంది, దిగడానికి నడుముకు సీసం బరువు ఎక్కువ కట్టుకోవాలి. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి రెండింతలు, 20 మీటర్ల దగ్గర మూడింతలు. బుడగల్లోని గ్యాస్ 20 మీటర్ల దగ్గర మూడో వంతుకు కుంచించుకుపోతుంది. రబ్బరు మాత్రం కుంచించుకోదు కాబట్టి సూట్ అచ్చంగా మూడో వంతు కాదు గానీ బాగా పల్చబడుతుంది. అంటే పైన విపరీతంగా తేలేలా చేసిన 5 మిల్లీమీటర్ల సూట్ కింద ఆ తేలుడంతా పోగొట్టుకుంటుంది, కట్టుకున్న సీసం బరువు మాత్రం అట్లాగే ఉంటుంది. తిరిగి పైకి రావడానికి కాళ్లతో ఎక్కువ కొట్టుకోవాలి. మొదటిసారి నేర్చుకునేవాళ్లకు ఆ తేడా ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

స్కూబా సూట్ సంగతి. స్కూబావాళ్లు లోతులో చాలాసేపు ఉంటారు కాబట్టి ఆ సూట్ల రబ్బరు సాధారణంగా గట్టిది, ఒత్తిడికి తొందరగా పల్చబడదు. ఆ గట్టిదనమే మన ఛాతీకి అడ్డం. వెనక జిప్పు దగ్గర వంగదు, అక్కడి నుంచి నీళ్లూ కారతాయి. తలకిందులుగా డక్ డైవ్ చేసేటప్పుడు నడుము మడవాలి, చేతులు తల మీదికి చాపాలి, ఆ కదలికలన్నిటికీ అది ఎదురు తిరుగుతుంది. ఫ్రీడైవింగ్ సూట్‌కు జిప్పు ఉండదు. పైన టోపీ కలిసిన జాకెట్, కింద నడుము పైదాకా వచ్చే ప్యాంటు, జాకెట్ తోకను కాళ్ల మధ్య నుంచి తెచ్చి ముందు క్లిప్పులు పెట్టుకోవడం. రబ్బరు మెత్తగా సాగుతుంది. భుజాల మీద పట్టీలు ఉండే ప్యాంటు కూడా దొరుకుతుంది, అది వేస్తే ఛాతీ మీద రెండు పొరలవుతాయి. చల్లటి నీళ్లకు మంచిదే, అండమాన్‌కు అనవసరం. సగం ధర అని ఆ స్కూబా సూట్ తీసుకోకు.

అన్నిటికంటే ముఖ్యమైంది సూట్ ఒంటికి పట్టిన తీరు. మందంలో ఒక మిల్లీమీటరు అటూఇటూ అయినా సర్దుకోవచ్చు, కొలత తప్పితే సర్దుకోలేం. వేసుకుని అద్దం ముందు నిలబడు. ముందు పొట్టలోకి, తర్వాత పక్కటెముకల్లోకి, చివరికి కాలర్ ఎముకల కిందికి నెమ్మదిగా గాలి నింపు. నా దగ్గరికి వచ్చే పేషెంట్లకు కూడా పక్కటెముకల మీద చేతులు పెట్టి చూపిస్తాను, నిండుగా పీల్చినప్పుడు అవి ముందుకే కాదు, పక్కలకు ఎంత తెరుచుకుంటాయో. ఆ తెరుచుకునే చోట సూట్ 'ఇక చాలు' అని ఆపితే దాన్ని తిరిగి ఇచ్చెయ్. బయట నిలబడినప్పుడు కొంచెం బిగుతుగా అనిపించడం మామూలే, నీళ్లలోకి దిగాక సడలుతుంది. కానీ ఊపిరికి అడ్డు పడితే అది నీళ్లలోనూ తగ్గదు. తర్వాత రెండు చేతులూ తల మీదికి చాపి అరచేతులు కలుపు, గొంతుక్కూర్చుని లే, తల అటూ ఇటూ తిప్పు. మెడ దగ్గర తల తిరుగుతున్నట్టు అనిపించేంత బిగుతు ఉండకూడదు. చివరికి నడుము వెనక వంపులో, చంకల్లో, గజ్జల్లో వేలి కొసలతో తడిమి చూడు. రబ్బరు చర్మాన్ని వదిలి గుడారంలా లేచి ఉంటే నీళ్లు అక్కడ చేరి ఆడతాయి. బక్కవాళ్లకు ఎక్కువగా నడుము వెనకే లూజు వస్తుంది, అది తప్పకుండా చూసుకో.

ఓపెన్ సెల్ గురించి రేపు రాస్తాను, ఇప్పుడు క్లినిక్‌కు టైమైంది.

ఓరుగల్లు_టు_వైజాగ్:

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను కాజీపేట వాణ్ణి, ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటున్నాను. నడుము బెల్టుకు కట్టే సీసం బరువుల గురించి రెండు మాటలు కలుపుతాను, ఎందుకంటే సూట్ మారిన ప్రతిసారీ బరువు లెక్క కూడా మారుతుంది.

పూల్‌లో సరిపోయిన బరువు సముద్రంలో సరిపోదు. సముద్రపు నీళ్లు లీటరుకు 25 గ్రాములు బరువెక్కువ. నీ ఒళ్లు సుమారు 56 లీటర్ల నీళ్లను పక్కకు తోస్తుందనుకుంటే తేడా కిలో 400 గ్రాములు. అంటే హనుమకొండ పూల్‌లో సూట్‌తో సరిగ్గా కుదిరిన బెల్టు అండమాన్‌లో అంత మేరకు తక్కువ పడుతుంది. తిరిగొచ్చాక పూల్‌లో అదే సముద్రం బెల్టు కట్టుకుంటే అంత మేరకు ఎక్కువవుతుంది, అది ప్రమాదం. కాబట్టి నీళ్లు మారితే, సూట్ మారితే మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

చూసుకునే పద్ధతి ఇది. సూట్, బెల్టు వేసుకుని నిటారుగా తేలుతూ ఊపిరి మామూలుగా వదిలెయ్. అయినా తల నీళ్ల పైనే ఉండాలి. నిండు ఊపిరితో దిగినప్పుడు 10 మీటర్ల దగ్గర గానీ ఇంకా కింద గానీ తేలకుండా మునగకుండా నిలవాలి, అంతకంటే పైనే మునిగిపోతున్నావంటే బరువు ఎక్కువైనట్టు. కోర్సులో బెల్టు వాళ్లే ఇస్తారు, ఎంత బరువో కూడా ఇన్‌స్ట్రక్టరే చూస్తారు. సొంతానికి కొంటే రబ్బరుదే కొను. లోతుకు పోయే కొద్దీ పొట్ట లోపలికి పోతుంది, నైలాన్ బెల్టు జారి పక్కటెముకల మీదికి వస్తుంది, రబ్బరుది తుంటి దగ్గరే పట్టి ఉంటుంది. బకిల్ ఒంటి చేత్తో ఒక్క గుంజుకు ఊడిపోయేదై ఉండాలి.

మానేరు_అక్క:

మాటిచ్చినట్టు ఓపెన్ సెల్ గురించి. అది చిరుగుతుందన్నది నిజం, కానీ గోళ్లతో లాగినవాళ్లకు చిరుగుతుంది. లోపల బట్ట లేకపోవడం వల్ల రబ్బరు చర్మానికి పూర్తిగా అతుక్కుంటుంది, నీళ్లకు దారి ఉండదు, వెచ్చదనం ఎక్కువ, ఊపిరి తీసుకుంటే చర్మంతో పాటే సాగుతుంది. పొడి ఒంటికి మాత్రం ఎక్కదు. ఎట్లా వేసుకోవాలో చెబుతాను.

ముందురోజే గోళ్లు కత్తిరించుకో. ఒక లీటరు సీసాలో గోరువెచ్చటి నీళ్లు పోసి జుట్టుకు రాసే కండిషనర్ కొంచెం వేసి తెల్లగా అయ్యేదాకా ఊపు. ప్యాంటును నడుము దగ్గర మోకాలి దాకా బయటికి మడిచి, ఆ నీళ్లు లోపల పోసి, రెండు చేతులతో నలిపి అంతటా పట్టించు. కూర్చుని పాదం దూర్చు. మడమ దాటాక గుంజొద్దు, వేళ్ల మెత్తని భాగంతో కొంచెం కొంచెం పైకి జరుపు. గజ్జల దగ్గర పూర్తిగా పైకి వచ్చిందో లేదో చూసుకో, అక్కడ ఒక అంగుళం కింద ఉండిపోతే పైన జాకెట్ ఎంత లాగినా అందదు. జాకెట్‌లోనూ ఆ నీళ్లు పోసి ముందు రెండు చేతులు, తర్వాత తల. తల లోపల ఉన్నప్పుడు ఒక్క క్షణం ఊపిరాడనట్టు అనిపిస్తుంది, కంగారుపడకు, గడ్డం ఛాతీకి ఆనించి నెట్టు, వచ్చేస్తుంది. తీసేటప్పుడు పక్కన ఒక మనిషి ఉంటే సులువు. వాళ్లు జాకెట్ కింది అంచు పట్టుకుని తలమీదుగా తిరగేస్తారు, నువ్వు వంగి ఉంటే చాలు.

మొదటి సూట్‌గా అయితే బయట నైలాన్ బట్ట, లోపల ఓపెన్ సెల్ ఉన్నది తీసుకో. బయట కూడా నున్నటి రబ్బరు ఉండేది నీళ్లలో బాగా జారుతుంది, గాలికి తొందరగా ఆరుతుంది, కానీ పడవ అంచు గీసుకున్నా పోతుంది. రెండు వైపులా బట్ట ఉన్నది ఎక్కువ కాలం మన్నుతుంది, వేసుకోవడం తేలిక, కాకపోతే కాస్త తక్కువ వెచ్చన. ఓపెన్ సెల్ అంటే మనసు ఒప్పకపోతే అది తీసుకున్నా అండమాన్ వరకు ఇబ్బంది లేదు.

కంపెనీల విషయానికొస్తే క్రెస్సీ, మారెస్, బ్యూషా, ఓమెర్, సాల్విమార్ ఇవన్నీ పాత పేర్లే. డెకాథ్లాన్‌లో కూడా ఫ్రీడైవింగ్ సూట్లు ఉంటాయి. యమమోటో అని జపాన్ కంపెనీ చేసే రబ్బరు చాలా మెత్తనిది, ఖరీదైన సూట్లలో దాని పేరు కనిపిస్తుంది. పేరు చూసి కొనకు. ఒకే మీడియం సైజు ఒక్కో కంపెనీలో ఒక్కో కొలత. తిరిగి ఇచ్చే వీలుందో లేదో ముందే కనుక్కో.

పరకాల_పిలగాడు:

అక్కా, అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. స్కూబా సూట్ వదిలేశాను. కొలతలిస్తే కుట్టి పంపే కంపెనీ ఒకటి చూశాను, ఫారంలో ఇరవైకి పైగా కొలతలు అడుగుతున్నారు. హనుమకొండ చౌరస్తాలో మా టైలర్ అన్న దగ్గరికి పోయి తీయించుకోవచ్చా? ఛాతీ కొలత ఊపిరి పీల్చి ఇవ్వాలా, వదిలి ఇవ్వాలా?

ఇంకొకటి. సూట్ వచ్చాక ఫిబ్రవరి లోపు కొంచెం ప్రాక్టీస్ చేయాలనుంది. పూల్‌లో లోతు ఉండదు కదా. మా బావిలో గానీ, కరీంనగర్ వైపు గ్రానైట్ తీసి వదిలేసిన క్వారీ గుంతల్లో గానీ దిగితే ఎట్లా ఉంటుంది? ఫ్రెండ్ ఒకతను ఆ నీళ్లు అద్దంలా ఉంటాయని వీడియో పంపాడు.

మానేరు_అక్క:

తమ్ముడూ, క్వారీ మాట దయచేసి మనసులోంచి తీసెయ్. నేను ఉండేది ఆ గుంతల మధ్యే. కోసిన రాయి గోడలు నిలువునా ఉంటాయి, చేయి పట్టుకోవడానికి అంచు ఉండదు, ఎక్కడానికి మెట్టు ఉండదు. పైన వెచ్చగా ఉన్న నీళ్లు కొంచెం దిగగానే ఒక్కసారి చల్లబడతాయి. అడుగున ఏ ఇనుప తాడు, ఏ రాయి ఉందో ఎవరికీ తెలియదు. ఎండాకాలం వచ్చిందంటే పేపర్లో ఎవరో ఒక పిల్లవాడి ఫోటో వస్తుంది. నీళ్లు అద్దంలా కనిపించడమే అక్కడి ప్రమాదం.

బావి అయినా అంతే. బావిలో పెరిగినవాళ్లమని మనకు ధైర్యం ఎక్కువ, కానీ చిన్నప్పుడు బెల్టు కట్టుకుని, ఊపిరి చివరిదాకా బిగబట్టి దిగలేదు. లోతు నుంచి పైకి వస్తుంటే ఒత్తిడి తగ్గుతుంది, దాంతో ఊపిరితిత్తుల్లో మిగిలిన కాస్త ఆక్సిజన్ రక్తానికి అందే బలం ఒక్కసారిగా పడిపోతుంది. చివరి కొన్ని మీటర్లలోనో, తల బయటపెట్టిన తర్వాతనో స్పృహ పోతుంది. ముందుగా ఏ సూచనా రాదు. పక్కన నేర్చుకున్న మనిషి ఉంటే ముఖం నీళ్ల పైకెత్తి క్షణాల్లో తేరుకునేలా చేస్తారు. ఒంటరిగా ఉంటే అంతే సంగతులు. ఇది ఈత రాకపోవడం వల్ల జరిగేది కాదు, బాగా ఈత వచ్చినవాళ్లకే ఎక్కువ జరుగుతుంది. కోర్సు అయ్యేదాకా నీళ్లలో ఊపిరి బిగబట్టే ప్రాక్టీసే వద్దు, పూల్‌లో కూడా. కోర్సు అయ్యాక కూడా తోడు లేకుండా వద్దు. సూట్ వచ్చాక పూల్‌కు తీసుకుపోయి వేసుకోవడం, తీయడం, అందులో మామూలుగా ఈదడం చెయ్. ఎక్కడ ఒరుసుకుంటుందో, ఎక్కడి నుంచి నీళ్లు వస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఇక కొలతలు. టైలర్ అన్న దగ్గరికే పో, టేపు పట్టడం ఆయనకు తెలిసినంత మనకు తెలియదు. కానీ ముందే చెప్పు, ఇది షర్టు కాదు, లూజు కోసం ఒక్క వేలు కూడా కలపొద్దని. అలవాటు కొద్దీ రెండు వేళ్లు దూర్చి కొలుస్తారు, అక్కడే పోతుంది. లోపలి బట్టల మీదే కొలవాలి. ఛాతీ కొలత కంపెనీ ఫారంలో ఎట్లా అడిగితే అట్లాగే ఇవ్వు, సాధారణంగా మామూలు ఊపిరిలో అడుగుతారు. నిండా పీల్చినప్పటి కొలత కూడా విడిగా ఒక లైనులో రాసి పంపు, ఫ్రీడైవింగ్‌కని చెప్పు. ప్రతి కొలతా రెండుసార్లు తీయించు, ఒకటి కుడి, ఒకటి ఎడమ ఉన్నచోట రెండూ తీయించు. ఫిబ్రవరికి అందదనిపిస్తే తొందరపడి రెడీమేడ్ కొనొద్దు. టోపీ ఉన్న సన్నటి నియోప్రీన్ చొక్కా ఒకటి కొనుక్కుని, వాళ్లిచ్చే అద్దె సూట్ లోపల వేసుకో. కాస్త లూజున్న అద్దె సూట్ కూడా దానితో పనికొస్తుంది. లైక్రా రాష్‌గార్డు అనే పల్చటి ఈత చొక్కా ఎండకు, జెల్లీఫిష్‌కు మంచిదే గానీ చలిని ఆపదు.

ఇందూరు_ఈత:

అక్కలా అన్నీ తెలిసినదాన్ని కాదు, టోపీ గురించి ఒక్క విషయం చెబుతాను. నాకు జుట్టు ఎక్కువ. కొప్పు ముడి వేసి టోపీ పెడితే మెడ దగ్గర ఖాళీ వచ్చి నీళ్లు వీపంతా పారేవి. ఇప్పుడు జడ వేసి జాకెట్ లోపల వీపు మీదికి వదిలేస్తాను, ముందు వెంట్రుక ఒక్కటి కూడా టోపీ అంచు కింద లేకుండా చూసుకుంటాను. జుట్టున్న ఆడవాళ్లు చదువుతుంటే పనికొస్తుందని రాశాను.

మగవాళ్లయినా ఆడవాళ్లయినా, నీళ్లలోకి దిగగానే టోపీని చెవి దగ్గర వేలితో ఎత్తి లోపలికి నీళ్లు పోనివ్వండి. చెవి మీద గాలి బుడగ చిక్కుకుంటే దిగేటప్పుడు అది కుంచించుకుని కర్ణభేరిని బయటికి లాగుతుంది. ఈక్వలైజ్ సరిగ్గా చేస్తున్నా చెవి నొప్పి ఎందుకొస్తోందో అర్థం కాదు. ఆడవాళ్లు ఆడవాళ్ల కటింగే అడిగి తీసుకోండి. మగవాళ్ల చిన్న సైజు నడుము దగ్గర లూజు, తుంటి దగ్గర బిగుతు అవుతుంది.

గోదారొడ్డు:

చెల్లె, నువ్వు చెప్పిన కొరియా ఆడవాళ్ల ముచ్చట చదివి మా ఇంట్లో అందరికీ చెప్పాను. కదలకుండా తేలడం గురించి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. క్వారీ గురించి మాత్రం నాది కూడా అదే మాట తమ్మీ, మా వైపు ఓపెన్‌కాస్ట్ గుంతలకు కూడా అదే వర్తిస్తుంది.

ఒకటి అడుగుతాను. ఇంత ఖరీదు పెట్టి రబ్బరు సూట్ కొంటే మన ఎండలకు ఎన్నాళ్లు ఆగుతుంది? మేలో మా దగ్గర చెప్పుల అడుగులు కూడా ఊడిపోతాయి.

మానేరు_అక్క:

మంచి ప్రశ్న అన్నా. మన దగ్గర సూట్‌ను పాడుచేసేది సముద్రం కంటే ఇంట్లో ఉంచే తీరే. ప్రతిసారీ మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు పోయేదాకా కడగాలి, లోపలి వైపు కూడా. చల్లటి నీళ్లలో ఉంటే మూత్రం ఎక్కువ వస్తుంది. ఒంటి చివర్ల నుంచి రక్తం మధ్యకు చేరేసరికి కిడ్నీలు నీళ్లు ఎక్కువైనట్టు భావించి వదిలేస్తాయి. సూట్‌లోనే పోవడం అందరికీ జరిగేదే, సిగ్గుపడేది ఏం లేదు, కడుక్కుంటే చాలు. అందుకే డైవింగ్ రోజు మంచినీళ్లు బాగా తాగాలి తమ్ముడూ, ఒళ్లు ఎండిపోతే ఈక్వలైజేషన్ కూడా కష్టం.

ఆరబెట్టేది నీడలో, గాలి తగిలే చోట. డాబా మీద ఎండలో ఒక్క మధ్యాహ్నం వేస్తే రబ్బరు బిరుసెక్కుతుంది. ముందు లోపలి వైపు బయటికి తిప్పి ఆరనివ్వు, ఆ తర్వాత ఇటు తిప్పు. ఓపెన్ సెల్ అయితే ఆరాక లోపలి ముఖాలు ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో పాత కాటన్ లుంగీ పరుస్తాను నేను. సన్నటి తీగ హ్యాంగర్ వద్దు, భుజాల దగ్గర గీత పడుతుంది. లావు హ్యాంగర్ దొరక్కపోతే మంచం కింద పరిచి పెట్టు, మడత పెట్టొద్దు. బెల్టు బకిళ్లు దాని మీద పెట్టొద్దు. కారు డిక్కీలో మార్చి నుంచి జూన్ దాకా ఒక్క రోజు కూడా ఉంచొద్దు. ఎక్కడైనా గోరు గీత పడితే నియోప్రీన్ జిగురు దొరుకుతుంది. రెండు అంచులకూ పల్చగా రాసి, కొన్ని నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు కలిపి నొక్కాలి. తడి జిగురు మీద కలిపితే పట్టదు.

తమ్ముడూ, కొలతలు తీయించాక ఫారం పంపేముందు ఇక్కడ పెట్టు, ఛాతీ, నడుము, మెడ నేను ఒకసారి చూస్తాను.